నిప్పు లేని కళాయి

బషీర్ అరచేతుల్లో గీతలు కనిపించేవి కావు. చిన్నప్పటి నుంచి ఇసుక, చింతపండు, వేడి తగరం కలిసి వాటిని నున్నగా అరగదీశాయి. పాలమూరు సంతలో చెయ్యి చూసి జాతకం చెప్పే మనిషి ఒకసారి ఆ చేతిని అటూ ఇటూ తిప్పి, "చదువనీకి ఏం మిగల్లే తమ్మీ, అంత అరిగిపోయింది" అని వదిలేశాడట. ఆ మాట బషీర్ అందరికీ చెప్పి నవ్వేవాడు. జాతకం సంగతి ఎలా ఉన్నా, బిందె లోపల తడిమి కంటికి ఆనని గరుకు ఎక్కడుందో చెప్పగల చెయ్యి అది. అతనికి రైల్వే షెడ్డులో పని ఇప్పించింది ఆ చెయ్యే. ఆ పనిని దాదాపు పోగొట్టింది కూడా అదే.

వాళ్లది దేవరకొండ. తండ్రి ఆజం ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి పెట్టేవాడు. పంటలు ఇళ్లకు చేరే రోజుల్లో కుటుంబం మొత్తం తోలుతిత్తి మోసుకుని అచ్చంపేట దాకా ఊరూరా తిరిగేది. ఎక్కడైనా కాస్త నీడ దొరికితే నేలలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదేవారు. ముందు గిన్నెను ఇసుకతో, చింతపండుతో తోమాలి. తర్వాత "బిస్మిల్లా" అనుకుని లోపలంతా ఒకసారి అరచేత్తో నిమరాలి. గరుకు తగిలితే మళ్లీ తోమాలి. తగలకపోతే గిన్నెను నిప్పు మీద పెట్టి, కాలిన తర్వాత నవాసారం పొడి చల్లాలి. తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగలోనే తగరం ముక్క తాకించి, గుడ్డతో ఒక్క ఊపులో తుడవాలి. గుడ్డ ఆగిందా, అక్కడ తగరం ముద్దగా పడుతుంది. తొందరపడిందా, ఇత్తడి పైకి కనిపిస్తుంది. ఆజం కొడుక్కి తుడవడం కంటే ముందు నిమరడం నేర్పాడు. దేవుడి పేరు తలుచుకుని నిమరకుండా మొదలుపెట్టిన గిన్నె ఒక్కటి కూడా ఆ ఇంట్లో లేదు.

తండ్రి పోయాక ఆ తిత్తి బషీర్‌దయింది. దాన్ని ఊదే పని అతని భార్య తాహేరాది. మాట పదును ఉన్న మనిషి. ఊళ్లలో బేరమాడే ఆడవాళ్లకు ఆమే సమాధానం చెప్పేది. కానీ బేరమాడేవాళ్లే తగ్గిపోతూ వచ్చారు. మొదట సిల్వరు గిన్నెలు వచ్చాయి. తర్వాత పెళ్లిళ్లలో ఇత్తడి బిందె ఉండే చోట స్టీలు బిందె కనిపించసాగింది. స్టీలుకు కళాయి అక్కర్లేదు. ఒక ఏడు దేవరకొండ చుట్టుపక్కల ఎండలో తిరిగి తిరిగి, దింపిన తిత్తిని మళ్లీ ఎత్తుకోవడమే తప్ప ఊదే పని పడలేదు. "ఈ ఊర్లను పట్టుకొని యాలాడితె లాభం లేదు. రైలు ఉన్న కాడికి పోదాం" అంది తాహేరా. అలా పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో పాలమూరు వచ్చి, రైల్వే గేటు దగ్గర ఒక గది కిరాయికి తీసుకున్నారు. రైల్వే క్వార్టర్లలో ఇంకా ఇత్తడి ఉంది.

ఆ క్వార్టర్లలోనే రామచంద్రం ఉండేవాడు. స్టేషన్ పక్కన ఉన్న చిన్న షెడ్డులో బండి పెట్టెల దీపాల బాధ్యత అతనిది. ఛార్జిమన్ ఉద్యోగం. ఆ రోజుల్లో ప్రతి పెట్టె అడుగున ఒక డైనమో వేలాడేది. చక్రం ఇరుసు నుంచి బెల్టు వచ్చి దాన్ని తిప్పుతుంది. బండి నడుస్తుంటే కరెంటు పుట్టి, పక్కనున్న బ్యాటరీలను నింపుతుంది. డైనమో నడిమి కడ్డీని, దానికి చుట్టిన రాగి తీగలతో సహా ఆర్మేచర్ అంటారు. ఆ కడ్డీ కొన మీద బేరింగు బిగుతుగా కూర్చోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ కడ్డీ అక్కడ వెంట్రుక మందం అరుగుతుంది. అంతే చాలు. బేరింగు వదులై కడ్డీ మీదే తిరగడం మొదలుపెడుతుంది. డైనమో కీచుమంటుంది, కాగుతుంది, ఆగిపోతుంది. సాయంత్రం దక్షిణానికి పోయే పాసింజరులో అలాంటి చీకటి పెట్టెలు ఒకటో రెండో ఎప్పుడూ ఉండేవి. జనం బీడీల వెలుగులో పిల్లలను వెతుక్కునేవారు.

అరిగిన చోట వెల్డింగు పెడితే వేడికి కడ్డీ వంగుతుంది. మొత్తాన్ని నికెల్ తొట్టిలో ముంచుదామంటే చుట్టిన తీగలు తడిసి పాడవుతాయి. దూరాన ఉన్న పెద్ద వర్క్‌షాపుకు పంపితే ఎప్పుడు తిరిగివస్తుందో చెప్పలేరు. రామచంద్రం బొంబాయిలో శిక్షణకు వెళ్లినప్పుడు ఒక విదేశీ కంపెనీ మనిషి చేసి చూపించిన పని అతని మనసులో ఉండిపోయింది. ముంచకుండా, అరిగిన జాగాలో మాత్రమే లోహం ఎక్కించడం. బొగ్గు కడ్డీకి దూది, గుడ్డ చుట్టి, నికెల్ నీళ్లలో తడిపి, బ్యాటరీకి కలిపి, అరిగిన చోట రుద్దుతూ పోవాలి. రుద్దిన మేరకే నికెల్ పడుతుంది. ఆ యంత్రం కొనే స్తోమత షెడ్డుకు లేదు. రామచంద్రం తనే ఒకటి తయారు చేసుకున్నాడు. చచ్చిపోయిన టార్చి సెల్లుల్లోంచి తీసిన బొగ్గు కడ్డీలు, పెట్టెల కింది బ్యాటరీలు, సైకిల్ హ్యాండిళ్లకు పాలిష్ పెట్టే హైదరాబాదు దుకాణం నుంచి తెచ్చిన ఆకుపచ్చ నికెల్ నీళ్లు. అన్నీ కుదిరాయి. రుద్దడం మాత్రం కుదరలేదు. అతని చేతిలో ఒకచోట గుట్టగా, ఒకచోట మాడి నల్లగా పడేది.

ఒక పొద్దున అతని భార్య శ్యామలమ్మ వాకిట్లో కళాయి పెట్టిస్తుంటే రామచంద్రం డ్యూటీకి బయలుదేరి గుమ్మంలోనే ఆగిపోయాడు. పొగలో గుడ్డ ఒక్క ఊపులో తిరగడం, గిన్నె లోపలంతా ఒకే తెలుపు పరుచుకోవడం చూశాడు.

"ఏం పేరు నీది?"

"బషీర్, సారు."

"గీ తుడుసుడు ఎన్నేండ్ల సంది?"

"నా పుట్టుక సంది అనుకో సారు."

"నిప్పు లేకుంట తుడుస్తవా?"

బషీర్ తాహేరా వైపు చూశాడు. ఆమె తిత్తి ఊదడం ఆపకుండానే అంది. "నిప్పు లేకుంటె నాకు గూడ సుఖమే సారు. గీ తిత్తి మీ అటక మీద పెట్టుకోండ్రి."

అలా బషీర్ షెడ్డులో రోజు కూలీగా చేరాడు. ఆర్మేచర్‌ను లేతు మిషను మీద ఎక్కించి, మెల్లగా చేత్తో తిప్పే పని పర్వతాలు అనే ఫిట్టరుది. షెడ్డులో అందరినీ ఆటపట్టించే మనిషి. బషీర్ తడిపిన గుడ్డ చుట్టిన బొగ్గు కడ్డీ పట్టుకుని, తిరిగే ఉక్కు మీద ఆనించి, అటూ ఇటూ కదిలించేవాడు. మొదటి రోజే గుట్టలు పోయాయి. మూల నుంచి మూలకు ఒకే పొర, పొగమంచు పట్టినట్టు. రామచంద్రం మైక్రోమీటరు పెట్టి చూసి, ఒకసారి కాదు, చుట్టూ కొలిచి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

మర్నాడు బేరింగు నూనెలో కాచి ఎక్కించబోతే ఆ పొర చర్రున లేచి చుట్టుకుపోయింది.

"బషీర్ భాయ్, నీది కళాయా, ఉల్లిగడ్డ పొట్టా?" అన్నాడు పర్వతాలు.

మరొకటి చేశారు. అదీ లేచింది. రామచంద్రం కరెంటు తగ్గించాడు, పెంచాడు. నికెల్ నీళ్లను వడకట్టాడు, గోరువెచ్చగా చేశాడు. ఉక్కును కాస్టిక్ సోడాతో, మెత్తటి పొడితో తోమించాడు. ఎలా చేసినా అంతే. ఒక విచిత్రం మాత్రం ఇద్దరికీ కనిపించింది. కడ్డీ మందం మారే చోట ఒక మూల ఉంటుంది. ఆ మూలలో సన్నటి అంచు మాత్రం ఎప్పుడూ లేవలేదు. ఆకురాయితో గీకినా రాలేదు. అక్కడ కరెంటు ఎక్కువ వస్తుందేమో అని రామచంద్రం అనుకున్నాడు. ఆ ఊహ తప్పుగా అనిపించలేదు, ఎవరికైనా అదే తోచేది.

ఇంతలో పై నుంచి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఊడిన నికెల్ చుట్టలను వేలితో కదిపి చూశాడు. కోప్పడే మనిషి కాదు.

"రామచంద్రం గారూ, ఆలోచన మంచిదే. కానీ ఈ పొర నడిచే బండి కింద ఊడితే డైనమో పట్టాల మధ్య పడుతుంది. ఇంకొక్కటి చేయండి. అది నా కళ్ల ముందు ఒక పెట్టెకు బిగించి నడపండి. నిలిచిందా, నేనే పైకి రాసి ఈ మనిషికి పోస్టు అడుగుతాను. నిలవకపోతే ఇవన్నీ మానేసి మామూలుగా వర్క్‌షాపుకు పంపుదాం. రోజు కూలీ అవసరం కూడా ఉండదు."

అతను వచ్చే వారం మళ్లీ వస్తానని వెళ్లాడు. బషీర్ పక్కనే నిలబడి విన్నాడు. మాట ముగిశాక నికెల్ చుట్టలు ఏరి ఒక గుడ్డలో కట్టుకున్నాడు.

ఇంట్లో తాహేరా గోడలకు సున్నం వేస్తోంది. రంజాన్ దగ్గర పడింది. గది కిరాయిదే అయినా పండుగకు ముందు సున్నం వేయకపోతే ఆమెకు తోచదు. తిత్తి మేకుకు వేలాడుతోంది. తోలుకు కొత్తగా ఆముదం రాసి ఉంది. బషీర్ దాన్ని చూశాడు. ఎండిపోయి పగలకుండా ఆమె నెల నెలా రాస్తోందని అతనికి అప్పుడే తెలిసింది.

"దీనికెందుకు నూనె?"

"నీ నౌకరి పక్క అయ్యేదాక దాన్ని సావనియ్య. దేవరకొండకు పోవాల్సొస్తె పలిగిన తిత్తి మోసుకపోతమా?"

అతను మంచం మీద కూర్చుని, అలవాటుగా గోడకు తల ఆనించబోయాడు.

"ఆగు! తలకాయ తియ్యి గాడ్నుంచి!" అని తాహేరా కుంచె ఊపింది. అతని భుజం మీద సున్నం చిందింది. "పొద్దుగాల సంది ఎన్నిసార్లు ఏసిన గా జాగ ఒక్కటి పడ్తలేదు. ఇగో సూడు, పేలిపోయి రాలుతాంది. దినాం కూసుంటవు, తలనూనె గోడకు పులుముతవు. గోడంత మంచిగ పట్టుకున్నది, నీ తల ఆనిన కాడ్నే ఊడుతాంది."

బషీర్ లేచి చూశాడు. గోడ మీద తలకాయంత జాగాలో సున్నం పెళ్లలుగా లేచింది. చుట్టూ, మూల దాకా తెల్లగా, గట్టిగా పట్టుకుని ఉంది. మూలలో తల ఆనదు.

అతను గుడ్డమూట విప్పి నికెల్ చుట్టను వెలుతురులో పట్టుకుని చూశాడు. తర్వాత తన అరచెయ్యి చూసుకున్నాడు. కడ్డీ మూలలోకి అరచెయ్యి పోదు.

"ఏమైంది? గట్ల నిలబడ్డవేంది?"

"నేనే," అన్నాడు బషీర్. "నా చెయ్యే."

చెప్పులు వేసుకోకుండా రామచంద్రం ఇంటికి నడిచాడు. రామచంద్రం భోజనం చేస్తున్నాడు. చేతిలో ముద్ద అలాగే ఉండగా విన్నాడు.

"సారు, మీరు సోడాతోని తోమిపిచ్చినంక, రుద్దుడు మొదలువెట్టె ముందల, నేను కడ్డిని అరచేత్తో నిమురుత గదా?"

"నిమురుతవు. బిస్మిల్లా అంటవు."

"దాంట్లెనే ఉన్నది తప్పు. గిన్నెకైతె నిమిరినంక నిప్పు ఉంటది. చెయ్యి జిడ్డు, చెమట అంత కాలిపోతది. నవాసారం మిగిలింది తింటది. మన పనికి నిప్పు లేదు. జిడ్డు ఆడ్నే ఉంటది. దాని మీద నికెల్ ఎక్కిస్తున్నం."

రామచంద్రం ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. "నేను దినాం జూసిన బషీర్. గది నీ దువా అనుకున్న. అడిగితె బాగుండదని తల అటు తిప్పుకునేటోన్ని."

"మీరు మాత్రం ఏమంటరు సారు, మా బాపు నాకు నేర్పిందే గిది."

శ్యామలమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న ఆ ఇద్దరినీ చూసి, బషీర్‌కు కూడా మంచినీళ్లు తెచ్చి పెట్టింది. ఒక మనిషి భక్తి, ఇంకొక మనిషి మర్యాద కలిసి ఆ తప్పును అన్నాళ్లు కాపాడాయి.

మర్నాడు పని కొత్తగా మొదలుపెట్టారు. జిడ్డు పోయిందో లేదో చూసే ఉపాయం రామచంద్రం చెప్పాడు. కడిగిన ఉక్కు మీద శుభ్రమైన నీళ్లు పోయాలి. నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోతే జిడ్డు మిగిలినట్టు. ఒకే పొరగా, పగలకుండా జారితే పోయినట్టు. బషీర్ తోమాడు. నీళ్లు పోశాడు. చుక్కలు. మళ్లీ తోమాడు. ఈసారి నీళ్లు అద్దంలా జారాయి.

అక్కడ అతని కుడిచెయ్యి లేచింది. కడ్డీ దాకా వెళ్లి, ఇంకాస్త ముందుకు వెళ్లబోయింది. లేతు పిడి పట్టుకున్న పర్వతాలు చూస్తున్నాడు. బషీర్ ఆ చేతిని వెనక్కు తీసుకుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, కళ్లు మూసుకుని "బిస్మిల్లా" అన్నాడు. అప్పుడు బొగ్గు కడ్డీ అందుకున్నాడు.

"తిప్పు, పర్వతాలు."

పర్వతాలు తిప్పాడు. ఆకుపచ్చ నీళ్లు గుడ్డలోంచి కారుతూ, కింద పెట్టిన పళ్లెంలో పడుతూ, మళ్లీ గుడ్డను తడుపుతూ మధ్యాహ్నం దాకా సాగింది. చెయ్యి ఆగకూడదు, తొందరపడకూడదు. తండ్రి నేర్పిన ఊపే అది. గిన్నెలో అది ఒక్క రెప్పపాటు ఉండేది. ఇక్కడ సగం పూట ఉండాలి. మధ్యలో రామచంద్రం కొలిచి, ఇంకా కొద్దిగా అని వేలితో సైగ చేసేవాడు. బషీర్ నుదుటి చెమట కడ్డీ మీద పడకుండా పర్వతాలు తన తలగుడ్డ విప్పి అతని నుదుటికి కట్టాడు. "గీ గుడ్డకు గూడ పోస్టు అడుగుండ్రి సారు" అన్నాడు. ఆ మాటకు షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు, బషీర్ చెయ్యి కదలకుండా నవ్వాడు.

నూనెలో కాగిన బేరింగును పర్వతాలు పట్టకారుతో తెచ్చి కడ్డీ మీదికి నెట్టాడు. అది జారి, చివరకంటా వెళ్లి కూర్చుంది. పొర లేవలేదు. చల్లారాక కడ్డీని పట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు చెప్పినట్టే వచ్చాడు. అతని ఎదుటనే డైనమోను సాయంత్రం పాసింజరులో ఒక పెట్టెకు బిగించారు. బషీర్‌ను, పర్వతాలును ఆ పెట్టెలోనే గద్వాల దాకా పంపారు. బ్యాటరీలో మిగిలిన కరెంటుతో దీపాలు కాసేపు వెలుగుతాయి కాబట్టి వెలుగు ఒక్కటి చూస్తే సరిపోదు. కింద చప్పుడు వినాలి. బషీర్ బెంచీ మీద కూర్చోకుండా తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, వంగి నేలకు చెవి ఆనించి ప్రయాణం చేశాడు.

ఎదురుగా కూర్చున్న ఒక ముసలామె చూసి చూసి అడిగింది. "ఏం బిడ్డా, కడుపునొస్తుందా?"

"కాదవ్వా," అన్నాడు పర్వతాలు. "కింద ఆయిన బిడ్డ ఉన్నది. ఏడుస్తుందేమోనని ఇంటుండు."

"అయ్యో, రైలు కిందనా!" అని ఆమె లేవబోయింది. మిగతావాళ్లు కూర్చోబెట్టడానికి చాలా సేపు పట్టింది. దేవరకద్ర దాటింది. కృష్ణ మీది వంతెన దాటింది. కింద కీచుమనలేదు. దీపాలు మసకబారలేదు.

తెల్లవారి తిరిగివచ్చాక డైనమో దింపి, బేరింగు లాగబోయారు. పర్వతాలు ఒక్కడివల్ల కాలేదు. ఇంకొకతను కూడా పట్టి లాగితే గాని రాలేదు. కడ్డీ మీద నికెల్ పొర రాత్రి బేరింగు కూర్చున్న గుర్తులతో సహా చెక్కుచెదరకుండా ఉంది. ఇన్‌స్పెక్టరు గోటితో గీరి చూశాడు, కత్తి మొనతో గీరి చూశాడు. "రాస్తాను" అన్నాడు. రామచంద్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

పర్వతాలు కడ్డీని బషీర్ ముందుకు తోశాడు. "ఇగ నిమురుకో బషీర్ భాయ్. నీ బాకీ తీర్సుకో."

బషీర్ అరచెయ్యి ఆ పొర మీద పెట్టి, మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. గరుకు తగల్లేదు.

రాసిన మాటకు ఫలితం రావడానికి చాలా కాలమే పట్టింది గాని వచ్చింది. బషీర్ ఖలాసీగా పర్మనెంటు అయ్యాడు. ఆ దశాబ్దం ముగిసేలోపు షెడ్డులో వదులైన బేరింగు చోట్లే కాదు, పంపుల కడ్డీలు, నీళ్ల కవాటాల కాడలు, రాగి స్విచ్చుల ముఖాలు అతని చేతిలో పడి మళ్లీ పనిలోకి వెళ్లాయి. బరువు మోసే చక్రాల ఇరుసులకు మాత్రం రామచంద్రం ఒప్పుకోలేదు. "వదులైన దాన్ని బిగించనీకే గీ పని. బలం తక్కువైన దానికి బలం ఇయ్యనీకి కాదు" అనేవాడు. బషీర్ కూడా ఎవరు బతిమాలినా వాటి జోలికి పోలేదు. వేరే షెడ్ల నుంచి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు అతను ముందుగా బొగ్గు కడ్డీ ఇచ్చేవాడు కాదు. చేతులు వెనక్కు కట్టుకుని నిలబడమనేవాడు. వాళ్లు ఇదేదో గురువుగారి ఆచారం అనుకుని, రామ రామ అనో, బిస్మిల్లా అనో, ఎవరిది వాళ్లు అనుకునేవాళ్లు. కారణం పని అయ్యాక చెప్పేవాడు. చివర్లో నిమరడం మాత్రం అతనిదే. అది ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. గద్వాల నుంచి తిరిగివచ్చిన ఆ పొద్దున అతను ఇంటికి వెళ్లేసరికి తాహేరా సున్నం కుంచె కడుగుతోంది. తల ఆనే జాగాను బూడిదతో, సోడాతో తోమి మళ్లీ సున్నం వేసింది. ఈసారి పట్టుకుంది. ఆమె మొగుడి మొహం చూడకుండానే మేకు మీది తిత్తి వైపు గడ్డం ఊపింది.

"నూనె పెట్టే దినం వచ్చింది. పెట్టాల్నా, వద్దా?"

"వద్దు" అన్నాడు బషీర్.

ఆమె ఆముదం సీసా తీసి అటక మీద పెట్టింది. అతను మంచం మీద కూర్చుని గోడకు ఆనుకోబోయి, ఆగి, భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి తల వెనక పెట్టుకున్నాడు.